ఫైబ్రోబ్లాస్టులు తాకినా వెనక్కి తిరగడం లేదు, ఏ పరీక్షతో కారణం తేల్చాలి?

బెంగళూరులోని ఒక ప్రయోగశాలలో కణాల కదలికపై పనిచేస్తున్నాను. రెండు ఫైబ్రోబ్లాస్టులు (బంధక కణజాలపు కణాలు) ఎదురుపడి తాకితే ముందంచు ముడుచుకుని, దిశ మార్చుకుని విడిపోవాలి. 1950లలో శాస్త్రవేత్తలు అబర్‌క్రాంబీ, హేస్‌మన్ కోడిపిండం గుండె కణాల్లో చూపింది ఇదే. నా ఎన్‌ఐహెచ్ 3టీ3 కణాలు (ప్రయోగశాలల్లో పెంచే ఎలుక ఫైబ్రోబ్లాస్టులు) మాత్రం అలా చేయడం లేదు. పల్చటి ముందంచు పక్క కణాన్ని తాకగానే కొద్దిగా ముడతలు పడుతుంది, అంతలోనే సర్దుకుని దాని మీదికి పాకుతుంది. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, గాజుపై ఫైబ్రోనెక్టిన్ (కణాలు అంటిపెట్టుకునే ప్రోటీన్) పూత, 2 నిమిషాలకో చిత్రం. కణాలు పరిచిన 4 గంటలకు చిత్రీకరణ మొదలవుతుంది. కణాలను ఊడదీయడానికి వాడే ట్రిప్సిన్ ఎంజైమ్, కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే క్యాడ్‌హెరిన్ ప్రోటీన్లను కోసేసిందేమోనని రాత్రంతా ఆగి చూశాను, మార్పు లేదు. క్యాడ్‌హెరిన్ల పట్టుకు కాల్షియం కావాలి; మాధ్యమంలో అది 1.8 మిల్లీమోలార్ ఉంది, కాబట్టి లోపం అక్కడ లేదు. కొత్త నిల్వ నుంచి కణాలు పెంచాను, పల్చగానూ పరిచాను. రంగు వేసి చూస్తే రెండు కణాల పొరలు కలిసేచోట ఎన్-క్యాడ్‌హెరిన్ స్పష్టంగా గీతకట్టి కనిపిస్తోంది. అంటే పట్టు కుదురుతోంది. ఇది తేలకుండా మిగతా కొలతలేవీ నమ్మలేను.

తాకిన తర్వాత రో సంకేతం (అంచును ముడుచుకునేలా చేసే రో ప్రోటీన్ సంకేతం) లోపలికి అందడం లేదా, లేక ఫైబ్రోనెక్టిన్ పట్టు మరీ గట్టిదై అంచు వెనక్కి రాలేకపోతోందా? ఈ రెండింటినీ విడదీసి చూపడానికి ముందుగా ఏ ప్రయోగం చేయాలి?