ఆన్‌లైన్ క్లాసుల కోసం బెంగళూరు పీజీ హాస్టల్లోనే ఉండాలా, ఊరెళ్లిపోవాలా?

అందరికీ నమస్కారం. మాది కదిరి దగ్గర పల్లె. బెంగళూరులో మెకానికల్ రెండో ఏడాది, మారతహళ్లిలో పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్)లో ఉంటున్నాను. కాలేజీ బిల్డింగులో పనులు జరుగుతున్నాయని నెల నుంచి క్లాసులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టారు.

బస్సు తిప్పలు తప్పాయని మొదట సంబరపడ్డాను. ఇప్పుడు రోజూ భయమే. పీజీలో ఇరవై మందికి ఒకటే వైఫై. నిన్న సార్ బీమ్ గీసి బెండింగ్ మూమెంట్ డయాగ్రామ్ మొదలుపెట్టారు. గీత సగంలోనే ఆగిపోయింది. మళ్లీ కదిలేసరికి లెక్క అయిపోయి హాజరు పిలుస్తున్నారు. "ప్రెజెంట్ సార్" అని మూడుసార్లు అన్నాను, అటు వినపడలేదు. ఆబ్సెంట్ వేశారు. 85 శాతం లేకపోతే పరీక్ష రాయనివ్వరు. ఫోన్ డేటా రోజుకి 1.5 జీబీ, రెండో క్లాసుకే ఖాళీ.

పాఠం వరకైతే ఎన్‌పీటీఈఎల్ అనే వెబ్‌సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల వీడియోలు ఉచితంగా దొరుకుతాయి, రాత్రి అందరూ పడుకున్నాక చూసుకుంటున్నాను. హాజరుకే దారి లేదు.

నాన్న వచ్చేయమంటున్నారు. శెనక్కాయల డబ్బులోంచి నెలకి 7500 పంపుతున్నారు, అది తలుచుకుంటే ముద్ద దిగడం లేదు. కానీ ఊళ్లో మిద్దె ఎక్కితేనే సిగ్నల్.

కబ్బన్ పార్కులో ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో ల్యాప్‌టాప్ పెట్టుకుని క్లాసులు విననిస్తారా? ఖాళీ చేస్తే పీజీ అడ్వాన్స్ ఎలా రాబట్టుకోవాలి? నెట్ పోయిన రోజు హాజరు గురించి సార్‌కి ఏమని మెయిల్ రాస్తే వింటారు? ఇలాంటివి పడ్డవాళ్లు దయచేసి చెప్పండి. ఈ నెలాఖరులోగా పీజీ ఓనరుకి ఏదో ఒకటి చెప్పాలి.