మార్కులు గుణించి ప్రమాదాలకు ర్యాంకులు వేస్తే అపార్ట్‌మెంట్‌కి ఒరిగేదేమైనా ఉందా?

పళ్ళికరణై_పక్కన:
అందరికీ నమస్కారం. చెన్నైలో పళ్ళికరణై చిత్తడినేలకు దగ్గర్లో 96 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. పోయిన ఆదివారం మీటింగ్‌లో మా ట్రెజరర్ గారు ఒక ఎక్సెల్ షీటు తెచ్చారు. ఆస్పత్రుల్లో వాడే పద్ధతట. ఎడమవైపు వరద, తుఫాను, అగ్నిప్రమాదం, గ్యాస్ లీకు, కరెంటు పోవడం ఇలా 14 వరసలు. ఒక్కోటి వచ్చే అవకాశానికి 0 నుంచి 3 దాకా మార్కు. పక్కన ఆరు గళ్ళు: మనుషులకు హాని, ఆస్తి నష్టం, పనులు ఆగిపోవడం, మన సన్నద్ధత, మన దగ్గరున్న మనుషులూ సామానూ, బయటి సాయం. వీటికీ ఒక్కోదానికి 3 దాకానే. గళ్ళన్నీ కూడి అవకాశంతో గుణించి, అది మొత్తం 54లో ఎంతో చూస్తే శాతం వస్తుంది. ఎక్కువ శాతం వచ్చినదానికి ముందు డబ్బు. మా చేతిలో ఉన్నది 3 లక్షలు.

మాకు వచ్చినవి: వరద 78, కరెంటు పోవడం 39, అగ్నిప్రమాదం 28. అంటే పంపులు కొంటారు, లాబీకి ఇన్వర్టర్ కొంటారు, అగ్నిప్రమాదానికి పైసా మిగలదు. ఇది నాకు మింగుడుపడలేదు. లేచి అడిగితే "ఇది మీ అభిప్రాయం, అది లెక్క" అన్నారు. మీరేమంటారు?

అంబత్తూరు_సేఫ్టీ:
మీ ట్రెజరర్ గారు లెక్క సరిగ్గానే చేశారండీ. ఆ షీటు గుణమే అంత. అగ్నిప్రమాదానికి అవకాశం 1 వేశారనుకోండి. ఆరు గళ్ళలోనూ 3 చొప్పున 18కి 18 వేసినా శాతం 33 దాటదు. కరెంటు మాటిమాటికీ పోతుంది కాబట్టి దానికి అవకాశం 3. గళ్ళలో 18కి 7 వచ్చినా చాలు, 39. లిఫ్టు ఆగిందని విసుక్కోవడం, మూడో అంతస్తులో పొగకు ఊపిరాడకపోవడం కన్నా పై ర్యాంకులో కూర్చుంటుంది.

ఇంకో సంగతి చూసుకోండి. సన్నద్ధత గడిలో మార్కులు తలకిందులు. అన్నీ సిద్ధంగా ఉంటే 1, ఏమీ లేకపోతే 3. చిన్నప్పటి నుంచి ఎక్కువ మార్కులంటే మంచివేనని అలవాటైపోయాం కదా, నేనే మొదటి ఏడాది ఫ్యాక్టరీలో ఉల్టా వేసి ఆడిట్ రోజున దొరికిపోయాను. ఇప్పుడు మా దగ్గర మనుషులకు హాని గడిలో 3 పడిన వరసను శాతంతో పోల్చం. విడిగా తీసి, దాని గురించి విడిగా కూర్చుంటాం.

కోట్టూరుపురం_పాత_కాపు:
నాకు షీట్ల గురించి తెలీదు బాబూ, 2015 గురించి తెలుసు. డిసెంబరు 1న తాంబరం వైపు ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన పడిందన్నారు. సెంబరంబాక్కం చెరువు నుంచి 29 వేల క్యూసెక్కులు వదిలారని మాకు తెలిసింది తర్వాత, పేపర్లో చదివి. ఆ రాత్రి తెలిసింది ఒక్కటే. అడయారు నది మా మెట్ల దాకా వచ్చింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, టార్చి సెల్లులు పాతవి.

గ్రౌండ్ ఫ్లోర్‌లో పక్షవాతం వచ్చిన పెద్దాయన ఉండేవారు. నీళ్ళు మంచం పట్టెకు తగిలేదాకా ఆయన మాకు గుర్తు రాలేదు. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు మా ఆవిడ చీర కట్టి, నలుగురం రెండో అంతస్తుకు మోశాం. మలుపు దగ్గర కుర్చీ కాలు విరిగింది. మర్నాడు జాలర్లు పడవలేసుకుని వచ్చారు. మీ షీట్లో "మనుషులకు హాని 3" అని ఉంది సరే, ఏ ఫ్లాటులో ఏ మనిషి అని ఎక్కడుంది? నన్నడిగితే ఆ కాగితం చింపేసి, ఎవరిని ఎవరు మొయ్యాలో రాసుకోండి.

లెక్కే_మేలు:
కోట్టూరుపురం పెద్దాయన మీద గౌరవం ఉంచుకునే ఒప్పుకోనండీ. షీటు లేని అసోసియేషన్ మాది. ఏం జరుగుతుందో చెప్తా వినండి. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాట చెల్లుతుంది. 2016లో వర్దా తుఫాను వచ్చి మా వీధిలో చెట్లన్నీ పడిపోయాక రెండేళ్ళు చెట్ల కొమ్మల మీదే మాట్లాడారు. తర్వాత సైకిల్ ఒకటి పోయింది. ఇక సీసీ కెమెరాలే. అగ్నిప్రమాదానికి 28 వచ్చిందని మీరు ఇక్కడ వాదిస్తున్నారంటే ఆ 28 కాగితం మీద ఉండబట్టే. మా దగ్గర వాదించడానికి అంకె కూడా లేదు.

మోసేవాళ్ళ లిస్టు మంచిదే, కానీ దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఎవరింట్లో వృద్ధులు ఒంటరిగా ఉంటారో 96 ఇళ్ళకూ, వాళ్ళ డ్రైవర్లకూ తెలియాల్సిన పని లేదు. బ్లాకుకు ఇద్దరి దగ్గర కాగితం మీద ఉంటే చాలు.

పోరూరు_నుంచి:
అందరూ కాంపౌండ్ గోడ లోపలే లెక్కేస్తున్నారు. 2014 జూన్ 28న మౌళివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల బిల్డింగు వానలో కూలి 61 మంది పోయారు. అందులో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికొచ్చినవాళ్ళు. మీ గోడ పక్కన ఏదైనా సైట్ ఉందా? రేకుల షెడ్లున్నాయా? నీళ్ళొస్తే వాళ్ళు మీ మెట్లే ఎక్కాలి. సెక్యూరిటీ గేటు తీస్తాడా తీయడా అన్నది మీ 14 వరసల్లో లేదని పందెం.

పళ్ళికరణై_పక్కన:
పందెం మీరే గెలిచారు, లేదు. సైటు మాత్రం ఉంది.

ఇవన్నీ చదివాక నిన్న సాయంత్రం ట్రెజరర్ గారిని బతిమాలి, షీటు ప్రింటు చేతిలో పెట్టుకుని ఎలక్ట్రీషియన్‌తో కలిసి బిల్డింగంతా తిరిగాం. బేస్‌మెంట్ స్తంభం మీద 2023 మిగ్‌జాం నీళ్ళ గీత ఇంకా ఉంది. ఆ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ ముందు మమ్మల్నే ముంచింది. టేపు పెట్టి కొలిస్తే గీత 4 అడుగుల 2 అంగుళాల ఎత్తున ఉంది. జనరేటర్ ప్యానెల్ అడుగు భాగం 3 అడుగుల 8 అంగుళాలు. అంటే మళ్ళీ అదే నీళ్ళొస్తే పంపులకు కరెంటిచ్చే ప్యానెలే ముందు మునుగుతుంది. కొనబోయే పంపులు మూడూ దాని మీదే నడవాలి. ఎలక్ట్రీషియన్ నవ్వాడు. ట్రెజరర్ గారు మాట్లాడకుండా "మన సన్నద్ధత" గడిలో 1 కొట్టేసి 3 రాశారు.

షీటు తీసేయడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. సేఫ్టీ గారు చెప్పినట్టు ప్రాణాలకు సంబంధించిన నాలుగు వరసలను విడిగా పెట్టడానికి ఒప్పుకున్నారు. గేటు విషయం వచ్చే మీటింగ్‌కి వాయిదా. అక్కడ గొడవ ఖాయం.

చివరగా టెర్రస్. అగ్నిప్రమాదం వరసలో "పైకి వెళ్ళి తప్పించుకోవచ్చు" అని రాసి ఉంది. తలుపుకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి 25 నిమిషాలు పట్టింది. పాత సెక్రటరీ గారి దగ్గరుంది. ఆయన నెల్లూరులో మనవరాలి బారసాలకు వెళ్ళారు.

అంబత్తూరు_సేఫ్టీ:
తాళం పగలగొట్టించారా లేదా?

పళ్ళికరణై_పక్కన:
దానికి కమిటీ తీర్మానం కావాలట.