మీ దగ్గర్లో జైలుందా? దానివల్ల ఊరికి ఏం ఒరిగింది?

గోడపక్కిల్లు:
మా ఇంటికి దగ్గర్లో జైలు కడతారట. ఉద్యోగాలొస్తాయని కొందరు, స్థలాల ధరలు పడిపోతాయని కొందరు. ఖైదీలు పారిపోయి మీద పడతారేమోనని అమ్మకు భయం. జైలు పక్కన బతికినవాళ్ళు చెప్పండి.

వార్డరుగారమ్మాయి:
నేను పెరిగింది జైలు క్వార్టర్లలోనే. పారిపోవడం గురించి అమ్మగారిని బెంగపడొద్దనండి, మా చిన్నతనంలో ఆ మాటే వినలేదు. ఉద్యోగాల మీద మాత్రం పెద్దగా ఆశపెట్టుకోకండి. వార్డర్లు బదిలీల మీద వస్తారు, పోతారు. వంట, ఉతుకుడు, తోటపని లోపలివాళ్ళే చేసేవారు. ఊళ్ళోవాళ్ళకు మిగిలింది కట్టేటప్పటి కూలి, తర్వాత టెండరు దక్కితే సరుకుల సరఫరా. నాన్న నైట్ డ్యూటీ దిగి వచ్చాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. మా లైన్లో చాలా ఇళ్ళలో అంతే. జైలు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

లెక్కలబాబు:
అమెరికా జనాభా లెక్కల్లో ఖైదీని సొంతూళ్ళో కాక జైలున్న చోట లెక్కేస్తారు. చాలా రాష్ట్రాల్లో శిక్ష అనుభవిస్తున్నవాళ్ళకు ఓటుండదు. అయోవా రాష్ట్రంలోని అనమోసాలో ఒక వార్డు జనాభాలో సుమారు 1,300 మంది ఖైదీలే, బయటివాళ్ళు 60 మంది కూడా లేరు. 2005లో అక్కడ రెండే ఓట్లతో ఒకాయన కౌన్సిలరయ్యాడు! తర్వాత ఊరు ఎన్నిక పద్ధతి మార్చుకుంది. ఖైదీల సొంత పేటలకు మాత్రం ఆ మేరకు ఓటు బలం తగ్గినట్టే కదా. కొన్ని రాష్ట్రాలు ఇప్పుడు నియోజకవర్గాలు గీసేటప్పుడు దీన్ని సరిదిద్దుతున్నాయి.

తమ్ముడికోసం:
లెక్కలబాబు గారు చెప్పిన ఆ పేటల్లో మాదీ ఒకటనుకోండి. తమ్ముణ్ణి దూరపు జైలుకు మార్చాక ములాఖత్‌కు వెళ్ళినప్పుడల్లా ఒకరోజు పని పోతోంది. అమ్మ అంత ప్రయాణం చేయలేదు. వాడి పిల్లలు మొదట్లో రోజూ అడిగేవారు, ఇప్పుడు అడగట్లేదు. వీధిలో వాళ్ళతో ఆడుకోనిచ్చేవాళ్ళూ తగ్గారు. వాడు బయటికొచ్చేది ఈ వీధికేగా, పని చూపించాల్సిందీ మేమేగా! ఖైదీలను ఎలా చూడాలో చెప్పే 2015 నాటి ఐక్యరాజ్యసమితి మండేలా నియమాల్లో 59వది, వీలైనంతవరకు ఖైదీని ఇంటికి దగ్గర్లోనే ఉంచాలంటుంది. అందుకే జైలు ఊరికి ఎంత దూరంగా ఉంటే అంత మంచిదనేవాళ్ళతో నేను ఒప్పుకోను. గోడపక్కిల్లు గారూ, మీరు అడగగలిగితే గేటు బయట నీడ, మరుగుదొడ్డి, సమయానికి బస్సు అడగండి. ఎండలో చంటిపిల్లలతో నిలబడేది ఏ నేరమూ చేయనివాళ్ళు.

గోడపక్కిల్లు:
ఈ కోణం నాకు తట్టనే లేదండీ. అభిప్రాయాలు చెప్పమన్నప్పుడు షెడ్డు, బస్సు రెండూ రాసిస్తాను. మురుగునీటి సంగతి తెలిసినవాళ్ళున్నారా? అంతమంది వాడిన నీరు ఊరి కాలువలోకే వదులుతారా, లోపలే శుద్ధి చేస్తారా?