విజయవాడ నుంచి బందరు (మచిలీపట్నం), దివిసీమ, సూర్యలంక, మోటుపల్లి: మూడు రోజుల్లో తాపీగా తిరిగి రావచ్చా?

బెంజిసర్కిల్:
డిసెంబరు చివర్లో శుక్రవారం పొద్దున బయలుదేరి ఆదివారం రాత్రికి ఇంటికి చేరాలి. చిన్న కారు, ఐదుగురం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, పాపకి ఎనిమిదేళ్లు. రోజుకి నాలుగు గంటలకు మించి కారులో కూర్చోలేరు. బందరు, హంసలదీవి, బాపట్ల, చీరాల ఒకే చుట్టులో కలుస్తాయా? లేక బందరు చూసి వెనక్కొచ్చి, మళ్లీ గుంటూరు మీదుగా బాపట్ల పోవాలా? బీచ్‌లొక్కటే కాదు, పాత కట్టడాలు, శాసనాలు కూడా చూడాలని ఉంది. ఏవి వదిలేయొచ్చో కూడా చెప్పండి.

దివిసీమ కుర్రాడు:
వెనక్కి రానక్కర్లేదండీ. పులిగడ్డ–పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటేస్తే అవతల రేపల్లే. 216వ జాతీయ రహదారి బందరు నుంచి మోపిదేవి, రేపల్లె, బాపట్ల, చీరాల కలుపుకుంటూ పోతుంది. పక్కదారులన్నీ కలిపినా చుట్టు మొత్తం 400 కిలోమీటర్లకు అటూ ఇటూ.

మొదటి రోజు ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు, 70 కిలోమీటర్లు. రాత్రి అక్కడే ఉండండి. రెండో రోజు చల్లపల్లి వైపు వస్తూ ఘంటసాలలో బౌద్ధ స్తూపం, మ్యూజియం చూసి, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి దర్శనం చేసుకుని వంతెన దాటండి. రాత్రికి బాపట్ల.

మీ లెక్కకి ఇబ్బంది పెట్టేది హంసలదీవి. అవనిగడ్డ నుంచి కోడూరు మీదుగా పోయి మళ్లీ అదే దారిన రావాలి. వేణుగోపాలస్వామి గుడి, పాలకాయతిప్ప దగ్గర సాగరసంగమం రెండూ చూస్తే మూడు గంటలు పోయినట్టే. అటు వెళ్తే రేపల్లె దగ్గరి భట్టిప్రోలు మానేయండి. పెద్దాయన ఉన్నారు కాబట్టి నేనైతే భట్టిప్రోలే అంటాను. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు బ్రాహ్మీ అక్షరాలున్న ధాతు పేటికలు (అస్థికలు దాచే పెట్టెలు) దొరికిన స్తూపం అదే. చదునైన నేల, మెట్లెక్కే పని లేదు, అరగంట చాలు.

ఒక ముఖ్యమైన సంగతి. డిసెంబరంటే డెల్టాలో కోతల కాలం. ఊళ్ల దగ్గర సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పెడతారు. చీకట్లో అవి కనపడవు. ఎండుగడ్డి మీదుగా బండి పోనిచ్చారంటే, అది కింద వేడి సైలెన్సరుకి చుట్టుకుని అంటుకునే ప్రమాదం ఉంది. కాలిన వాసన వస్తే వెంటనే ఆపి కిందకి వంగి చూడండి. తెల్లవారుజామున పొగమంచు ఒకటి. కాలవ గట్టు రోడ్లకి చాలాచోట్ల పిట్టగోడ ఉండదు, మలుపు ఎక్కడో తెలియదు. ఎనిమిది దాటాకే కదలండి, సాయంత్రం ఆరులోపు బస చేరండి. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్లు కూడా తగులుతాయి, ఓవర్‌టేక్‌కి తొందరపడొద్దు.

చిలకలపూడి:
బందరుకి పూట సరిపోదు, రోజంతా ఉంచుకోండి. ముందు ఊళ్లోని డచ్చివాళ్ల సమాధులు చూడండి. పదిహేడో శతాబ్దం నాటివి, రాతి పలకల మీద వంశ చిహ్నాలు, అక్షరాలు చెక్కి ఉంటాయి. ఏటవాలు వెలుతురులోనే చెక్కడం తేలుతుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం వెళ్తే ఏమీ చదవలేరు. గేటుకి తాళం ఉంటే చుట్టుపక్కల అడిగితే కాపలా మనిషి ఎక్కడున్నాడో చెప్తారు. తర్వాత బందరుకోట. కోట అనగానే కొండపల్లిని ఊహించుకుంటే నిరాశే, మిగిలినవి కొన్ని శిథిల భవనాలు. అయితే ఇంగ్లీషువాళ్లు 1611లో కోరమాండల్ తీరంలో మొదట వ్యాపారం పెట్టిన రేవు ఇది. 1759లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల నుంచి గెలుచుకున్న కోట అది. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన ఊరిని ముంచేశాక రేవు మళ్లీ కోలుకోలేదు. ఇది ముందే పాపకి కథలా చెప్పి తీసుకెళ్తే ఆ గోడలు కాస్త మాట్లాడతాయి.

మంగినపూడి ఊరికి 11 కిలోమీటర్లు. అక్కడ ఇసుక కాదు, నల్లటి ఒండ్రు. చాలా దూరం మోకాలి లోతే ఉంటుంది కాబట్టి పిల్లలకి నయం, కానీ బురద పాదాలకి అంటుకుని జారుతుంది. నాన్నగారిని నీళ్లలోకి దింపొద్దు. 20 లీటర్ల క్యాన్ నిండా మంచినీళ్లు, పాత తువ్వాళ్లు కారులో ఉంచండి.

పెడనలో కలంకారీ కొంటే గుడ్డ తిరగేసి చూడండి. అచ్చు అద్దకంలో కరక్కాయ, పటిక, ఇనుప తుప్పు–బెల్లం నల్లరంగు పట్టించి ఉతుకుతారు కనుక రంగు వెనక్కి కూడా దిగుతుంది. వెనక తెల్లగా ఉండి, ప్రతి పువ్వూ తేడా లేకుండా ఒకేలా పడితే అది స్క్రీన్ ప్రింటే. అచ్చు అద్దకంలో అతుకుల దగ్గర వెంట్రుకవాసి తేడా కనపడాలి. తొక్కుడు లడ్డు చివర్లో కొనండి, ఎండలో పెట్టిన కారులో నెయ్యి కరిగి కారుతుంది.

బెంజిసర్కిల్:
చాలా థాంక్సండీ. హంసలదీవి తీసేశాం. సూర్యలంకలో నాన్నగారు నడవలేరు, కారు నీళ్ల దాకా పోనివ్వొచ్చా?

జిల్లెళ్లమూడి రోడ్డు:
వద్దు. పైన గట్టిగా కనిపించినా కింద ఇసుక మెత్తనే. చిన్న కారు ముందు చక్రాలు ఒక్కసారి గిరగిరా తిరిగితే బండి పొట్ట దాకా దిగుతుంది. ఒకవేళ దిగబడితే యాక్సిలరేటర్ తొక్కొద్దు. అందర్నీ దింపి, చక్రాల ముందు ఇసుక తోడి, గాలి 18–20 పిఎస్ఐకి తగ్గించి, ఫ్లోర్‌మ్యాట్లు పెట్టి, సెకండ్ గేరులో మెల్లగా లాగండి. బయటికొచ్చాక వేగంగా నడపకుండా దగ్గర్లో మళ్లీ గాలి కొట్టించండి. ట్రాక్టరుతో లాగించాల్సొస్తే టూల్‌కిట్‌లోని కొక్కెం బంపరు రంధ్రంలో బిగించాలి. అది డిక్కీలో ఉందో లేదో విజయవాడలోనే చూసుకోండి. ఉప్పునీళ్లు తగిలితే బండి అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి. పెద్దాయనకి మడత కుర్చీ ఒకటి తెచ్చి, ఒడ్డున నీడలో వేయండి.

ఇది మంగినపూడిలాంటి సముద్రం కాదు, ఉన్నట్టుండి లోతు వస్తుంది. రెండు పక్కలా అలలు విరిగి మధ్యలో విరగకుండా నీళ్లు బురదగా వెనక్కి పోతున్నాయంటే అది లాగేసే పాయ. అక్కడ దిగొద్దు. చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకుండా ఒడ్డు వెంబడి పక్కకి ఈది, అలలు విరిగే చోటికి వచ్చాక బయటికి రావాలి. పాపకి మోకాలి లోతు దాటనివ్వకండి. మనది తూర్పు తీరం, సూర్యోదయానికి వెళ్లండి. శనివారం రాత్రికి గది వారం ముందే చెప్పుకోవాలి. దొరక్కపోతే బాపట్ల ఊళ్లో లాడ్జి, 9 కిలోమీటర్లే.

పేరాల:
మూడో రోజు చీరాల బట్టల కొట్లలోనే మధ్యాహ్నం చేసేయకండి. వేటపాలెం వెళ్లి జీడిపప్పు కొనుక్కోండి, 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఆదివారం తెరుస్తారేమో ముందుగా కనుక్కోండి. అక్కడినుంచి మోటుపల్లి. శాసనాలు చూడాలన్నారు కదా, వీరభద్రాలయం దగ్గర స్తంభం మీద గణపతిదేవుడి 1244 నాటి అభయ శాసనం ఉంది. అంతకుముందు తుఫానుకి ఓడ బద్దలై సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే రాజులు మొత్తం లాక్కునేవాళ్లు. ఇకనుంచి సుంకం తప్ప ఏమీ తీసుకోనని కాకతీయ రాజు వర్తకులకి మాటిచ్చాడు. అక్షరాలు అరిగిపోయాయి, టార్చి పక్కనుంచి వేస్తే తేలతాయి. సుద్దముక్కలు రుద్దొద్దు, రాయి పాడవుతుంది.

మోటుపల్లి నుంచి మూడింటికల్లా కదిలితే బాపట్ల, పొన్నూరు మీదుగా వచ్చి చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మ గుడి చూసి గుంటూరు చేరొచ్చు. ఆలస్యమైతే చేబ్రోలు వదిలేసి పర్చూరు, చిలకలూరిపేట దారిలో 16వ జాతీయ రహదారి ఎక్కండి, చీకట్లో అదే నయం.

దివిసీమ కుర్రాడు:
బయలుదేరే ముందు రోజు వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. డిసెంబరులో కూడా తుఫానులొస్తాయి. మచిలీపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే ప్రయాణం వాయిదా వేసుకోండి.