సెట్‌రెప్ 2 కొట్టినా డిస్క్ ఖాళీ అవ్వట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నా?

లాగ్‌కూలీ:
అన్నలూ అక్కలూ కొంచెం హెల్ప్ చేయండి. మాది చిన్న హడూప్ 3 క్లస్టర్ (పెద్ద డేటాని చాలా మెషిన్లలో పంచి దాచే సిస్టం), 8 డేటానోడ్లు (డేటా ఉండే మెషిన్లు), ఒక్కోదాంట్లో 24 టీబీ, అంటే మొత్తం 192 టీబీ. ఇప్పుడు 88 శాతం నిండిపోయింది, కొత్త డిస్కులు అడిగితే మేనేజర్ వచ్చే క్వార్టర్ అంటున్నాడు. పాత వెబ్ లాగ్స్ ఒక 30 టీబీ ఉన్నాయి, వాటిని ఎవరూ పెద్దగా ముట్టుకోరు, డీఫాల్ట్ 3 కాపీలు కాబట్టి డిస్క్ మీద 90 తింటున్నాయి. సరే 2 చేస్తే 30 టీబీ మిగులుతుంది కదా అని హెచ్‌డీఎఫ్‌ఎస్-సైట్ ఫైల్లో డీఎఫ్‌ఎస్ డాట్ రెప్లికేషన్ 2 పెట్టి నేమ్‌నోడ్ (ఏ ఫైల్ ఎక్కడుందో లెక్క చూసేది) రీస్టార్ట్ చేశా. ఏం మారలేదు. తర్వాత ఎక్కడో చదివి లాగ్స్ ఫోల్డర్ మీద సెట్‌రెప్ (కాపీల సంఖ్య మార్చే కమాండ్) మైనస్ డబ్ల్యూ (అయ్యేదాకా ఆగు అని) 2 కొట్టా. తగ్గించేటప్పుడు టైం పట్టొచ్చు అని ఒక వార్నింగ్ ఇచ్చి అప్పట్నుంచి చుక్కలు పెడుతూనే ఉంది, నిన్న రాత్రి 9కి స్టార్ట్ చేస్తే పొద్దున టిఫిన్ టైంకి కూడా చుక్కలే. ఎల్‌ఎస్ (ఫైల్స్ లిస్ట్) కొడితే రెండో కాలంలో 2 అనే చూపిస్తోంది కానీ రిపోర్ట్‌లో వాడిన స్పేస్ ఇసుమంత కూడా తగ్గలేదు. పైగా స్పార్క్ (డేటా ప్రాసెస్ చేసే టూల్) జాబ్ రాసే కొత్త ఫైల్స్ ఇంకా 3తోనే పడుతున్నాయి. ఇంకోటి, ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్స్ బాగున్నాయో లేదో చూసే కమాండ్) చేస్తే కొన్ని జార్ ఫైల్స్‌కి (ప్రోగ్రామ్ ప్యాకేజీలు) 10 కాపీలు ఉండాలి 8 మాత్రమే ఉన్నాయి అంటోంది, ఈ 10 ఎవరు పెట్టారో అర్థం కావట్లేదు, నేనైతే పెట్టలేదు.

పాతహడూప్:
ముందు ఈజీవి తేల్చేద్దాం. ఆ డీఎఫ్‌ఎస్ డాట్ రెప్లికేషన్ సెట్టింగ్ నేమ్‌నోడ్‌ది కాదు, ఫైల్ రాసేవాడిది. ఎవడు రాస్తున్నాడో వాడి దగ్గరున్న కాన్ఫిగ్‌లో ఎంత ఉంటే ఫైల్ అంతతో పుడుతుంది, పుట్టాక ఆ నంబర్ ఫైల్‌తోనే ఉంటుంది, నువ్వు తర్వాత డీఫాల్ట్ ఎంత మార్చినా పాత ఫైల్‌కి సంబంధం లేదు. కాబట్టి రీస్టార్ట్ దండగ. నీ స్పార్క్ జాబ్ ఎడ్జ్ నోడ్‌లో (జాబ్స్ పంపే మెషిన్) ఉన్న పాత కాన్ఫిగ్ కాపీ చదువుతుంటుంది, అక్కడ మార్చు, లేదా ఆ ఒక్క జాబ్‌కే స్పార్క్ డాట్ హడూప్ డాట్ డీఎఫ్‌ఎస్ డాట్ రెప్లికేషన్ 2 అని ఇవ్వు. ఫోల్డర్ మీద సెట్‌రెప్ కొట్టా కదా రేపు పడే ఫైల్స్‌కి కూడా వర్తిస్తుంది అనుకోకు, అప్పటికి లోపల ఉన్నవాటికే.

10 సంగతి: అది మ్యాప్‌రెడ్యూస్ (హడూప్ సొంత ప్రాసెసింగ్ పద్ధతి) జాబ్ సబ్మిట్ చేసేటప్పుడు జార్లకి వాడే వేరే సెట్టింగ్, దాని డీఫాల్టే 10. అన్ని నోడ్లూ ఒకేసారి ఆ జార్ లాక్కుంటాయి కాబట్టి ఎక్కువ కాపీలు పెట్టారు. నీకున్నవి 8 నోడ్లు, ఒకే నోడ్‌లో ఒకే బ్లాక్ (ఫైల్ ముక్క) రెండుసార్లు పెట్టడు, 10 ఎక్కణ్ణుంచి తెస్తాడు పాపం. ప్రమాదం ఏం లేదు, 3 చేసి వదిలేయ్.

ఇక అసలు విషయం. మామూలుగా తగ్గించాక స్పేస్ వెంటనే రాదు, నేమ్‌నోడ్ ఏ కాపీ తీసేయాలో డేటానోడ్‌కి హార్ట్‌బీట్ (బతికే ఉన్నా అని డేటానోడ్ పంపే సిగ్నల్) జవాబులో చెప్తుంది, వాళ్ళు మెల్లగా తీసేస్తారు. కానీ రాత్రంతా ఒక్క బ్లాక్ కూడా కదల్లేదంటే అది స్పీడ్ ప్రాబ్లం కాదు. ఆ ఫోల్డర్ మీద స్నాప్‌షాట్లు (ఒక టైంలో ఫోల్డర్ ఎలా ఉందో దాచిపెట్టినవి) ఏమైనా ఉన్నాయా?

లాగ్‌కూలీ:
స్నాప్‌షాట్‌కీ దీనికీ ఏం సంబంధం అన్నా? అది రీడ్ ఓన్లీ కదా, స్పేస్ తీసుకోదు అని విన్నా.

పాతహడూప్:
తీసే రోజు తీసుకోదు. స్నాప్‌షాట్ తీసినప్పుడు ఆ ఫైల్ 3తో ఉంది, ఆ 3 స్నాప్‌షాట్‌లో అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఫైల్‌ని 2 చేశావు. కానీ ఫైల్‌కీ స్నాప్‌షాట్‌కీ బ్లాకులు ఒకటే, అందుకని నేమ్‌నోడ్ రెండు నంబర్లలో ఏది పెద్దదో అదే పట్టుకుంటుంది. ఎల్‌ఎస్ నీకు ఇప్పటి నంబర్ చూపిస్తుంది, డిస్క్ మీద 3 అలాగే ఉంటాయి. ఆ చుక్కల కథ కూడా ఇదే, మైనస్ డబ్ల్యూ పెడితే 10 సెకన్లకోసారి బ్లాక్ ఎన్ని చోట్ల ఉందో చూసి 2 కాకపోతే ఒక చుక్క పెట్టి మళ్ళీ పడుకుంటుంది, నీ కేస్‌లో అది ఎప్పటికీ 2 అవ్వదు, దసరా దాకా పెడుతూనే ఉంటుంది. కంట్రోల్ సీ కొట్టేయ్, ఏం కాదు, నంబర్లు మార్చడం ముందే అయిపోయింది, అది వెయిటింగ్ మాత్రమే. ఎల్‌ఎస్‌స్నాప్‌షాటబుల్‌డిర్ కమాండ్ కొట్టి చూడు.

నైట్‌షిఫ్ట్_అక్క:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, 2 కాపీలు అనగానే నాకు గుండె దడ. ఇంతకుముందు పనిచేసిన చోట మేమూ ఇలాగే 2 చేశాం, బానే నడిచింది కొన్నాళ్ళు. ఒక శనివారం రాత్రి ప్యాచింగ్ కోసం ఒక నోడ్ దింపాం, అదే టైంలో ఇంకో నోడ్‌లో డిస్క్ పోయింది. రెండిట్లో మాత్రమే ఉన్న బ్లాకులన్నీ మిస్సింగ్. నోడ్ పైకి లేపాక తిరిగొచ్చాయనుకోండి, కానీ ఆ రెండు గంటలు నేను కాఫీ కూడా తాగలేదు. నోడ్ పడిపోయాక డీఫాల్ట్‌గా పదిన్నర నిమిషాల దాకా నేమ్‌నోడ్ దాన్ని చచ్చిపోయినట్టు లెక్కేయదు, ఆ తర్వాతే కొత్త కాపీలు మొదలవుతాయి, ఈలోపు ఉన్నది ఒక్కటే కాపీ. ఆ లాగ్స్ మళ్ళీ సోర్స్ నుంచి తెచ్చుకోగలిగితే 2 పెట్టండి, లేకపోతే వద్దు. ర్యాక్ స్క్రిప్ట్ (ఏ నోడ్ ఏ ర్యాక్‌లో ఉందో చెప్పేది) పెట్టారో లేదో కూడా చూసుకోండి, పెట్టకపోతే అన్నీ డీఫాల్ట్ ర్యాక్‌లో ఉన్నట్టే, రెండు కాపీలూ ఒకే స్విచ్ కింద పడొచ్చు.

హడూప్ 3 అన్నారు కాబట్టి ఎరేజర్ కోడింగ్ (పూర్తి కాపీల బదులు, పోయిన డేటాని తిరిగి లెక్కకట్టే ప్యారిటీ ముక్కలు పెట్టడం) ఎందుకు ఆలోచించలేదు? 6-3 (6 డేటా, 3 ప్యారిటీ ముక్కలు) అయితే 9 నోడ్లు కావాలి, మీకు ఒకటి తక్కువ. 3-2కి 5 చాలు. 30 టీబీ డేటా 50లో పడుతుంది, 2 కాపీల కన్నా తక్కువ, రెండు నోడ్లు పోయినా చదవొచ్చు.

లాగ్‌కూలీ:
దొరికిందన్నా! నాకన్నా ముందు ఉన్నాయన ఎవరో రోజూ స్నాప్‌షాట్ తీసేలా క్రాన్ (టైంకి దానంతటదే నడిచే పని) పెట్టి వెళ్ళిపోయాడు, తీసేయడం మాత్రం పెట్టలేదు, 400 పైన ఉన్నాయి 😭 మేనేజర్‌ని అడిగి పాతవి డిలీట్ చేయడం మొదలుపెట్టా, లంచ్ లోపు 11 టీబీ తగ్గింది. అక్కా మీరు చెప్పింది విన్నాక 2తో వదిలేయడానికి భయంగా ఉంది, ఈ లాగ్స్ సోర్స్‌లో లేవు. 3-2కి మార్చాలంటే ఫోల్డర్‌కి పాలసీ పెడితే సరిపోతుందా?

నైట్‌షిఫ్ట్_అక్క:
సరిపోదు, అదీ కొత్త ఫైల్స్‌కే. పాలసీ పెట్టిన కొత్త ఫోల్డర్‌లోకి డిస్ట్‌సీపీతో (హడూప్ కాపీ టూల్) కాపీ చేసి, సరిచూసుకుని, పాతవి తీసేయాలి. చెక్‌సమ్ (ఫైల్ సరిగ్గా వచ్చిందో చూసే లెక్క) రెండువైపులా కలవదు కాబట్టి అప్‌డేట్‌తో పాటు స్కిప్‌సీఆర్‌సీచెక్ ఆప్షన్ (ఆ లెక్క చూడొద్దని) ఇవ్వండి, ఫైల్ లెక్కలు మీరే విడిగా చూసుకోండి. ఒక్కో నెల చొప్పున చేయండి, కాపీ అయ్యేదాకా రెండూ ఉంటాయి కదా, మీకంత ఖాళీ లేదు. చిన్న ఫైల్స్ ఉంటే ముందు కలిపేయండి, 1 ఎంబీ లోపు ఫైల్ అయితే ఒక డేటా బ్లాక్, అంతే సైజులో రెండు ప్యారిటీ, మళ్ళీ మూడింతలే అవుతుంది.

పాతహడూప్:
ఆ క్రాన్ ఆపావా లేదా ముందు చెప్పు.

లాగ్‌కూలీ:
అయ్యో. ఇప్పుడే ఆపుతున్నా.