టానిన్‌ను చేదు అనవచ్చా?

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి): నాసిక్ ప్రాంతపు వైన్ల రుచిపై ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. రెడ్ వైన్‌లో టానిన్ (ద్రాక్ష తొక్క, గింజల నుంచి దిగే పదార్థం) రుచికి ‘చేదు’ అనీ, డ్రై వైన్‌కు ‘పొడి వైన్’ అనీ రాశాను. శీర్షిక ‘గోదావరి వైన్లు’. సరిపోతాయా అండీ?

జవాబు (అమలాపురం నుంచి): చేదు కాదండీ, వగరు. మా వైపు కొందరు ఒగరు అనీ అంటారు. షడ్రసాల్లో చేదు తిక్తం, వగరు కషాయం. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఇచ్చేది ఒకటి, మామిడి పిందె ఇచ్చేది మరొకటి.

నిజానికి వగరు రుచి కన్నా స్పర్శకు దగ్గర. టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేస్తాయి. నోట్లో జారుడు పోతుంది, నాలుక పిడచకట్టినట్టు అవుతుంది. కోనసీమ వంటింట్లో దీనికి విరుగుడు పాతదే: అరటిపువ్వును తరిగి మజ్జిగలో వేస్తారు. మజ్జిగలోని ప్రోటీన్లు ఆ వగరును ముందే పట్టుకుంటాయి. రెడ్ వైన్ పక్కన చీజ్ పెట్టడానికి ఒక కారణం ఇదే. (చీజ్‌ను జున్ను అని మాత్రం రాయకండి. మా వాళ్లకు బెల్లం, మిరియాలు గుర్తొస్తాయి.)

రెడ్ వైన్‌కు ద్రాక్షను తొక్క, గింజలతో సహా పులియబెడతారు, వగరు వాటి నుంచే దిగుతుంది. వైట్ వైన్‌కు ముందే రసం పిండి తీస్తారు కాబట్టి అక్కడ పులుపుదే పైచేయి. నాసిక్‌లో కోత జనవరి నుంచి మార్చి దాకా. చల్లని రాత్రులు కాయలో పులుపును నిలుపుతాయి. అందుకే అక్కడి వైట్ వైన్ షెనిన్ బ్లాంక్‌కు పులుపు, రెడ్ వైన్ షిరాజ్‌కు వగరు అన్న మాటలు మీ వ్యాసంలో తప్పనిసరి. ఒకే ప్రాంతపు వైన్లను వరుసగా రుచి చూసేది ద్రాక్ష రకం, తయారీ తెచ్చే తేడాలు పట్టుకోవడానికే. అన్నిటికీ చేదు అనేస్తే పాఠకుడికి ఏం మిగులుతుంది? వైట్ ముందు, రెడ్ తరువాత తాగడం కూడా వగరు నోట నిలిచిపోతుందనే.

మన ఆలంకారికులు సులువుగా అర్థమయ్యే కవిత్వాన్ని ద్రాక్షాపాకం అన్నప్పుడు నోట వేసుకోగానే అందే రసాన్నే తలచారు. తొక్కను, గింజను పట్టించుకోలేదు. వైన్ చేసేవారికి అవే సగం సంగతి.

‘పొడి వైన్’ తీసేయండి. చక్కెర దాదాపు అంతా ఆల్కహాల్‌గా మారిపోయిన వైన్‌నే డ్రై అంటారు. ‘తీపి లేని వైన్’ చాలు. పొడి అంటే నాలుక ఎండడమనుకుని వగరుతో కలిపేస్తారు. బొత్తిగా వగరు లేని డ్రై వైట్ వైన్లు ఎన్నో ఉన్నాయి.

మరొకరు (నరసాపురం నుంచి): ‘పులిసిన వైన్’ అనవచ్చా?

జవాబు: వద్దండీ. తాటికల్లు పులిసిందంటే మత్తు చేరిందనీ అర్థమే, పుల్లబడిపోయిందనీ అర్థమే. తయారీకి ‘పులియబెట్టడం’, పాడై వెనిగర్ దారి పట్టినదానికి ‘పుల్లబడడం’ అని విడదీస్తే గొడవ ఉండదు.

ఇక శీర్షిక. గోదావరి నాసిక్ దగ్గరి త్ర్యంబకంలోనే పుడుతుంది, కాదనను. కానీ ఇక్కడి పాఠకుడు ‘గోదావరి’ చూడగానే వరిచేలనూ కొబ్బరితోటలనూ తలుచుకుని, ఈ డెల్టాలో ద్రాక్ష ఎక్కడ పండిందని అడుగుతాడు. ‘నాసిక్ వైన్లు’ అనే పెట్టండి.