బెల్ ఓంబ్ర్ చెరకు తోటలో పనిచేసిన మనవాళ్ల వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

పోయిన నెల మారిషస్ వెళ్లి, దక్షిణ తీరంలోని బెల్ ఓంబ్ర్‌లో రెండు రోజులున్నాం. ఒకప్పటి చెరకు ఎస్టేట్ అది. ఇప్పుడు రిసార్టులు, గోల్ఫ్ మైదానం. 1833లో చనిపోయిన యజమాని చార్లెస్ టెల్ఫేర్ పేరే అక్కడి ఓ హోటల్‌కు పెట్టారు. దొరగారి కథ సరే, చెరకు నరికినవాళ్ల సంగతేంటి?

1835లో బానిసత్వం రద్దయ్యాక తోటల్లో పనికి మన దేశం నుంచి వేలమందిని ఓడల్లో తీసుకెళ్లారు. తెలుగువాళ్లను అక్కడ కోరంగీలనేవారట, మన కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. మా నాయనమ్మ తాతగారి తమ్ముడొకాయన "మిరిచి దేశం" (అంటే మారిషస్) పోయి మళ్లీ రాలేదని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఆ తోటే అని నా దగ్గర రుజువేం లేదు, మనసు పీకుతోందంతే.

వలస కూలీల రిజిస్టర్లు మారిషస్‌లోనే మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అక్కడ ఎవరైనా వెతికించారా? ఒక్కో కూలీకి అప్పట్లో ఇచ్చిన నంబరు తెలియకపోయినా, ఊరి పేరుతోనో తోట పేరుతోనో చూస్తారా? గుమాస్తాలు మన పేర్లను ఎలా పడితే అలా రాసుంటారు కదా, స్పెల్లింగ్ తిప్పలు మీరెలా పడ్డారు? ఇక్కణ్నుంచే రాసి అడగొచ్చా, మళ్లీ వెళ్లాల్సిందేనా?